ఉప్పు జాడీ, పిడుదు, ఆశ్వయుజపు చెమ్మ

వానలు పట్టుకున్న వారానికి, తిరుపతి కొర్లగుంటలో ఉండే ఒక పెద్దావిడ తన నాటు కుక్కను వరండాలో కూర్చోబెట్టి, దాని ముందుకాలి వేళ్ల సందులను విడదీసి నాకు చూపించారు. ఆముదపు గింజల్లా ఉబ్బిన పిడుదులు మూడు అక్కడ వేలాడుతున్నాయి. "రోజూ ఏరతానే ఉండాను సార్, మళ్లీ యాడనించి వస్తాండాయి?" అన్నది ఆమె ప్రశ్న. కుక్క పడుకొనే గోనెపట్టా పట్టుకుంటే చేతికి చెమ్మ తగిలింది. దాని వెనుక గోడకు నిలువునా ఒక బీట ఉంది. ఆమె ప్రశ్నకు సమాధానం కుక్క ఒంటి మీద కంటే ఆ బీటలోనే ఎక్కువగా ఉంది.

శరదృతువు అనగానే తేటపడిన ఆకాశం, వెన్నెల గుర్తుకు వస్తాయి గాని, తిరుపతి, చిత్తూరు ప్రాంతాలకు ఆశ్వయుజ కార్తీకాలు ఈశాన్య ఋతుపవనాల కాలం. 2021 నవంబరులో తిరుపతి వీధులు ఏరులైన సంగతి ఇక్కడ ఎవరూ మరువలేదు. వాన లేని రోజున కూడా తెల్లవారుజామున గాలిలో తేమ 80 శాతం దాటడం ఈ నెలల్లో మామూలే. కుక్కల స్నానం, తిండి, టీకాల సంగతులు పశువైద్యులు చెబుతూనే ఉంటారు కనుక వాటిని దాటవేసి, ఈ తేమకూ పిడుదుకూ ఉన్న సంబంధాన్నే వివరిస్తాను; నాకు తెలిసిన జీవశాస్త్ర విశేషాలలో ఇంత అందమైనవి కొద్ది మాత్రమే.

మన ఇళ్లలో కుక్కలను పట్టే గోధుమరంగు పిడుదు జీవితంలో మూడుసార్లు మాత్రమే రక్తం తాగుతుంది: ఆరు కాళ్ల పిల్లగా ఒకసారి, ఎనిమిది కాళ్లు వచ్చాక ఒకసారి, పెద్దదయ్యాక మరొకసారి. ప్రతిసారీ కొన్ని రోజులు తాగి, రాలిపడి, గోడ బీటల్లోకి, దూలాల సందుల్లోకి పాకిపోతుంది. ఆడది అక్కడ 4,000 వరకు గుడ్లు పెట్టి చనిపోతుంది. పిడుదు ఆయుష్షులో అధిక భాగం కుక్కకు దూరంగా, ఆకలితో, నెలల తరబడి కాచుకొని ఉండడంలోనే గడుస్తుంది. ఆకలికి అది తట్టుకుంటుంది, కాని ఒంట్లోని నీరు ఆవిరైపోతే బతకలేదు. గోడ బీటలో నీళ్లు ఎక్కడివి?

ఇక్కడ వంటింట్లోని ఉప్పు జాడీని తలచుకోవాలి. ముసురు పట్టిన రోజుల్లో కల్లుప్పు చెమ్మగిల్లి, జాడీ అడుగున నీరు చేరుతుంది. ఆ నీటిని ఎవరూ పోయలేదు. ఉప్పే గాలిలోని ఆవిరిని లాక్కుంది. ప్రతి లవణానికీ ఒక తేమ హద్దు ఉంటుంది. 25 డిగ్రీల వద్ద సోడియం క్లోరైడుకు ఆ హద్దు సుమారు 75 శాతం, పొటాషియం క్లోరైడుకు సుమారు 84 శాతం. గాలిలో తేమ ఆ హద్దు దాటితే స్ఫటికం కరుగుతుంది, దిగితే మళ్లీ గడ్డకడుతుంది. కల్లుప్పులో మెగ్నీషియం క్లోరైడు కొంత కలిసి ఉంటుంది, దాని హద్దు 33 శాతమే, అందువల్ల శుద్ధి చేసిన ఉప్పు కంటే అది ముందే నీరు కారుతుంది. పాఠశాలలో ఆర్ద్రతాకర్షక పదార్థాలంటూ నిర్వచనం వల్లె వేయిస్తారు. ఒక్క జాడీని తెచ్చి బల్ల మీద పెడితే ఆ పాఠం పిల్లలకు జీవితాంతం గుర్తుండిపోతుంది.

పిడుదు తన నోటినే ఉప్పు జాడీగా మార్చుకుంటుంది. దాని లాలాజల గ్రంథి ద్రాక్షగుత్తిలా ఉంటుంది. అందులోని మొదటి రకం పండ్లు సోడియం, పొటాషియం, క్లోరైడు అయాన్లు నిండిన చిక్కని ద్రవాన్ని స్రవిస్తాయి. ఆ ద్రవం నోటి భాగాల మీద పరుచుకొని, పొడి గాలిలో ఎండి తెల్లని పొరగా నిలుస్తుంది. తేమ పెరగగానే పొర కరిగి గాలిలోని ఆవిరిని పట్టుకుంటుంది, పిడుదు దానిని తిరిగి మింగుతుంది. రుడాల్ఫ్, క్నులే అనే శాస్త్రవేత్తలు 1974లో దీనిని ప్రకటించారు. పిడుదులకు ఈ పని సాధ్యమయ్యే తేమ హద్దు చాలా జాతుల్లో 75 శాతానికీ 95 శాతానికీ మధ్య ఉంటుంది. గోధుమరంగు పిడుదు ఎండలను తట్టుకోవడంలో మిగతా జాతుల కంటే దిట్ట, అందుకే మన ఇళ్లలో ఏడాది పొడవునా బతుకుతుంది. అయినా తడిసిన గోనెపట్టా, దాని వెనుక బీట దానికి ఊరకే దొరికిన చలివేంద్రం వంటివి.

అదే గ్రంథి కుక్క ఒంటి మీదికి చేరాక తిరగబడి పనిచేస్తుంది. రక్తంలో నీరు ఎక్కువ, పోషకం తక్కువ. కనుక పిడుదు తాగిన రక్తాన్ని చిక్కబరచుకొని, అందులోని నీటిలో సగానికి మించి లాలాజలంగా తిరిగి కుక్కలోకే పంపుతుంది. ఆ నీటితో పాటు ఎర్లీకియా కేనిస్ అనే బాక్టీరియా కూడా ఎక్కగలదు, దానికి కొన్ని గంటలు చాలు. 1935లో అల్జీరియాలో తొలిసారి గుర్తించిన ఈ క్రిమి తెల్ల రక్తకణాల్లో కాపురం పెడుతుంది, ప్లేట్‌లెట్లను పడగొడుతుంది. జ్వరం, తిండి మానడం, చిగుళ్లు పాలిపోవడం, ముక్కు నుంచి రక్తం, కీళ్ల నొప్పులు దాని గుర్తులు. రాత్రిళ్లు కుక్క మూలిగితే కీడని తరిమేవారిని చూస్తే నాకు బాధ కలుగుతుంది. ఆ మూలుగు జ్వరానిది కావచ్చు, రక్తపరీక్ష చేయిస్తే తెలుస్తుంది. సకాలంలో గుర్తిస్తే డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్‌తో సాధారణంగా 28 రోజుల వైద్యం చేస్తారు, కుక్క హుషారైందని మధ్యలో ఆపకూడదు.

కిరసనాయిలు పూయడం, అగరుబత్తితో కాల్చడం మానాలి. కిరసనాయిలు చర్మాన్ని కాలుస్తుంది, కుక్క నాకితే లోపలికీ పోతుంది. చిన్న పట్టకారుతో చర్మానికి ఆనించి పిడుదు నోటి దగ్గర పట్టుకొని నిదానంగా నిటారుగా లాగాలి, గోళ్లతో చిదపకూడదు. పశువైద్యులు ఇచ్చే ఐసోక్సజోలిన్ మాత్రలు పిడుదు నరాల్లో క్లోరైడు అయాన్లు వెళ్లే ద్వారాలను మూసి చంపుతాయి, కాని అది కరిచి రక్తం తాగాకే. మూర్ఛ ఉన్న కుక్క అయితే ఆ సంగతి ముందే చెప్పాలి. ఇంట్లో పిల్లి ఉంటే పెర్మెత్రిన్ అనే కీటకనాశిని కలిసిన మందు తేనేకూడదు, అది పిల్లికి ప్రాణాంతకం.

కొర్లగుంటలో ఆ బీటను సిమెంటుతో పూడ్పించాము, గోనెపట్టాకు బదులు నులకమంచం వేయించాము. కార్తీక పౌర్ణమి మరునాడు వెళ్లి చూస్తే, కుక్క ఎడమ చెవి మడతలో ఆవగింజ కంటే చిన్న పిడుదు ఒకటి దొరికింది. భూతద్దంతో కాళ్లు లెక్కపెట్టాను. ఆరు. అంటే దగ్గరలోనే ఎక్కడో ఒక గుడ్లకుప్ప ఈ మధ్యే పొదిగింది. ఈ పిడుదులు ఎప్పుడూ పైకే పాకుతాయి కనుక, నిచ్చెన తెప్పించి దూలం సందు చూడడం మొదలుపెట్టాము.