తాత ఇసుకలో బోర్లా పడుకున్న సంగతి

బుజ్జీ, చిన్నోడా,

మార్చిలో అమెరికాలో మీ ఫీనిక్స్ ఊరి బయట ఆ ఎడారి ఇసుకలో తాత బోర్లా ఎందుకు పడుకున్యాడు అని అడిగితిరి కదా, ఫోన్లో చెప్తే సగం వినరు, అందుకే రాస్తాండా. మీ నాయన నేను కళ్ళు తిరిగి పడ్డాననుకుని నీళ్ళ బాటిల్ ఎత్తుకుని ఉరికొచ్చినాడు పాపం. పువ్వు చూస్తాంటి, అంతే.

రూపాయి బిళ్ళంత పువ్వు, తెల్ల రేకులు, మధ్యలో పసుపు, మొక్కేమో రెండు వేళ్ళ ఎత్తు కూడా లేదు. డెసర్ట్ స్టార్ అంటారు, మొజావీ, సొనోరన్ ఎడారుల్లో పుట్టేది. మన పొద్దుతిరుగుడు కుటుంబమే, ఒక్కో తెల్ల రేకూ ఒక్కో పువ్వే.

అనంతపురంలో ఏడాదికి 550 మిల్లీమీటర్లు పడితేనే కరువు సీమ అని ఏడుస్తాం, మీ ఫీనిక్స్‌లో 200 కూడా రాదు. మరి ఎట్ల బతుకుతాదంటే, ఎండాకాలం ఆ మొక్క ఉండనే ఉండదు, గింజై మట్టిలో పడుంటాది. ఇట్లాంటి ఎడారి గింజల్లో చానా వాటికి మొలక రానీకుండా ఆపే రసాయనం ఉంటాది, అది కడుక్కుపోవాలంటే దగ్గర దగ్గర అంగుళం వాన పడాల, తుంపరకు మోసపోవు. జులై ఉరుముల వానకీ లేవవు, చలికి ముందు పడే వానకే మొలిచి, ఫిబ్రవరి నుంచి పూసి, గింజ రాల్చి, ఎండ ముదిరేలోపు చచ్చిపోతాయి. 2015 అక్టోబర్లో కాలిఫోర్నియాలో డెత్ వ్యాలీ అనే ఎడారి లోయలో గట్టి వానలు పడితే 2016లో లోయంతా పూలే, మామూలుగా అక్కడ ఏడాదికి రెండంగుళాలే వాన!

ఇంకోటి, ఎంత మంచి వానొచ్చినా గింజలన్నీ ఒకేసారి మొలవవు, కొన్ని మట్టిలోనే ఆగుతాయి. నేనేం చేస్తిని? ఒక ఏడు జూన్లో పదునైందని ఇంట్లో ఉన్న శనక్కాయ విత్తనమంతా గొర్రు కట్టి వేసేస్తి, తర్వాత నెల రోజులు చుక్క లేదు. రెండు మూటలన్నా దాచిపెట్టు అని మీ అవ్వ మొత్తుకునింది, ఇప్పటికీ ఎత్తిపొడుస్తాది.

జులైలో వస్తారు కదా, వాన పడుంటే గట్టు మీద పల్లేరు పూలు చూపిస్తా, అవీ ఒక్క ఏడాది మొక్కలే, చిన్న పసుప్పచ్చ పూలు. మందం చెప్పులు తెచ్చుకోండి, దాని కాయ ఐదు ముక్కలై ముళ్ళతో ఉంటాది, హవాయి చెప్పుల్లోంచి నేరుగా కాల్లోకి దిగుతాది.

మీ తాత