స్టెపానాకెర్ట్ ప్రయాణం: అపోహలు - వాస్తవాలు

కాకసస్ దేశాలకు తెలుగు బృందాలను తీసుకెళ్లడం నా వృత్తి. పాత యాత్రా వ్యాసమేదో చదివి, ఆర్మేనియా రాజధాని యెరెవాన్‌లో, నాగోర్నో-కరబాఖ్ కొండల్లోని స్టెపానాకెర్ట్‌కు వెళ్లే వ్యాను ఎక్కడ ఎక్కాలని ఇప్పటికీ ఫోను చేసేవారున్నారు. ఆ వ్యాను ఇక లేదు. మిగతా సందేహాలకు జవాబులు ఇవి.

అపోహ: అది ఆర్మేనియాలోని ఊరు.

కాదు. సోవియట్ కాలంలో అది అజర్‌బైజాన్‌లోని నాగోర్నో-కరబాఖ్ స్వయంపాలిత ప్రాంతానికి కేంద్రం. జనంలో అధికులు ఆర్మేనియన్లు. 1991లో ఆ ప్రాంతం గణతంత్రంగా స్వాతంత్ర్యం ప్రకటించుకుంటే ఐక్యరాజ్యసమితి సభ్యదేశం ఒక్కటీ గుర్తించలేదు, ఆర్మేనియాతో సహా. అయినా అంగళ్లలో నడిచింది ఆర్మేనియా కరెన్సీ డ్రామే.

అపోహ: ఆ గణతంత్రం ఇచ్చే వీసాను పాస్‌పోర్టులో కాక విడి కాగితం మీద తీసుకుంటే అజర్‌బైజాన్‌కు తెలియదు.

నేను ఎక్కువసార్లు సరిదిద్దాల్సి వచ్చింది దీన్నే. అడిగితే విడి కాగితం ఇచ్చేవారన్నది నిజం. పాస్‌పోర్టు శుభ్రంగా ఉండేది, మనవాళ్లు మాత్రం అదే సాయంత్రం ఫోటోలు లోకానికంతటికీ చూపించేవారు! తమ అనుమతి లేకుండా వెళ్లినవారి పేర్లతో అజర్‌బైజాన్ విదేశాంగ శాఖ నిషేధ జాబితా పెట్టింది. 2017లో అక్కడ చిత్రీకరణకు వెళ్లిన అమెరికా టీవీ వంటల యాత్రికుడు ఆంథొనీ బౌర్డెయిన్ పేరూ అందులోకి ఎక్కింది.

అపోహ: విమానాశ్రయం ఉందిగా, విమానంలో వెళ్లేవారేమో.

భవనం కొత్తగా కట్టారు కానీ, ప్రయాణికుల విమాన సర్వీసులు మొదలు కాలేదు. ఎక్కువమంది వెళ్లింది ఆర్మేనియాలోని గోరిస్ పట్టణం దాటి లాచిన్ మీదుగా కొండదారిలోనే.

అపోహ: ఊరి అంచున కొండ మీది ముసలి దంపతుల విగ్రహం యుద్ధ స్మారకం.

1990ల కరబాఖ్ యుద్ధానికి చాలా ముందుది. 1967లో సర్గిస్ బగ్దసార్యన్ చెక్కిన టఫ్ (అగ్నిపర్వత బూడిద గట్టిపడిన రాయి) శిల్పం. తలలు తప్ప ఒళ్లు కనిపించదు, మిగతాది మట్టిలోనే ఉందా అన్నట్టు. పేరు ‘మేమే మా పర్వతాలు’.

ఇక అసలు ప్రశ్న: ఇప్పుడు వెళ్లవచ్చా? 2022 డిసెంబరులో లాచిన్ దారి మూతపడింది, ఊళ్లో తిండికీ మందులకూ కటకట. 2023 సెప్టెంబరు 19న అజర్‌బైజాన్ దాడి చేసింది, మర్నాటికే అంతా ముగిసింది. కొద్ది రోజుల్లోనే లక్ష మందికి పైగా ఆర్మేనియన్లు ఆర్మేనియాకు తరలిపోయారు. 2024 జనవరి 1తో ఆ గణతంత్రం రద్దయింది. ఊరిని అజర్‌బైజాన్ ఖాన్‌కెండి అంటుంది. ఆర్మేనియా వైపు నుంచి దారి లేదు. వెళ్లాలంటే అజర్‌బైజాన్ రాజధాని బాకూ నుంచి, ఆ ప్రభుత్వ అనుమతితోనే. అలా వెళ్లినా, పాత వ్యాసాల్లోని మనుషులు అక్కడ ఉండరు.

వారి వంట మాత్రం యెరెవాన్‌లో దొరుకుతుంది. ‘జెంగ్యాలోవ్ హట్స్’ అంటారు. పల్చగా ఒత్తిన పిండి మీద తరిగిన ఆకుకూరలు గుప్పిళ్లతో పోసి, అంచులు నొక్కి మూసి, పెనం మీద కాలుస్తారు. బొబ్బట్టులో పూర్ణం బదులు ఆకుకూర ఉన్నట్టు. నేను వెళ్లే కొట్టులో చేసేది స్టెపానాకెర్ట్ నుంచి వచ్చిన ఒక పెద్దావిడ. కొండల మీది ఆకులు కొన్ని ఇక్కడ దొరకవని ఆమె ఫిర్యాదు. నా బృందంలోని శాకాహారులకు మధ్యాహ్న భోజనం అక్కడే.