రన్‌వేను రాసుకున్న తోక

విశాఖపట్నం, విజయవాడల నుంచి వచ్చిన విమానం బెంగళూరు దేవనహళ్లిలో దిగినప్పుడు, కుదుపు తెలియకపోతే మనవాళ్లు పైలట్‌ను మెచ్చుకుంటారు, దబ్బున దిగితే విసుక్కుంటారు. ఈ కొలత సరైనది కాదు. మెత్తగా దించాలన్న తాపత్రయమే, దిగేటప్పుడు విమానం తోక నేలను రాసుకునే టెయిల్ స్ట్రైక్‌కు ఒక ముఖ్య కారణం.

రన్‌వేకు దాదాపు 30 అడుగుల ఎత్తున పైలట్ ముక్కును కొద్దిగా ఎత్తి, దిగే వేగాన్ని తగ్గిస్తాడు. చక్రాలు ఆనకుండా ఇంకాస్త, ఇంకాస్త అంటూ ఎత్తుతూ పోతే వేగం పడిపోతుంది, రెక్కల ఊతం తగ్గుతుంది, దానిని నిలబెట్టడానికి ముక్కును మరింత ఎత్తవలసి వస్తుంది. ఈలోగా తోక నేలకు దగ్గరవుతుంది. చక్రాలు ఒకసారి తాకి విమానం మళ్లీ పైకి లేచినప్పుడు పరిస్థితి మరింత క్లిష్టం, ఎందుకంటే అప్పటికే రెక్కలపై పైకి లేచే పలకలు, అంటే స్పాయిలర్లు విచ్చుకుని ఊతాన్ని హరిస్తుంటాయి.

పొడవైన విమానాలకు ఈ బెడద ఎక్కువ. చక్రాల షాక్ అబ్జార్బర్లు పూర్తిగా అణిగినప్పుడు, 37.57 మీటర్ల పొడవున్న ఎయిర్‌బస్ ఎ320లో ముక్కు సుమారు 11.7 డిగ్రీలు లేస్తే తోక నేలకు తగులుతుంది; 44.51 మీటర్ల ఎ321కు సుమారు 9.7 డిగ్రీలే చాలు. 2023 జూన్‌లో బెంగళూరు నుంచి వెళ్లిన ఒక ఎ321 అహ్మదాబాద్‌లో దిగుతూ తోకను రాసుకుంది. ఆరు నెలల్లో ఇలాంటివి నాలుగు జరగడంతో పౌర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ, ఆ విమానాన్ని నడిపే ఇండిగో సంస్థకు 30 లక్షల రూపాయల జరిమానా విధించింది.

బెంగళూరు విమానాశ్రయం సముద్రమట్టానికి సుమారు 915 మీటర్ల ఎత్తున ఉంది. గాలి పలుచన కావడంతో, చెన్నైలో దిగేటప్పుడు మీటరు చూపే వేగమే ఇక్కడా చూపినా, అసలు వేగం నాలుగైదు శాతం ఎక్కువ. అదే వాలులో కిందికి దిగే వేగమూ ఆ మేరకు పెరుగుతుంది. ముక్కును ఎత్తడం ఆలస్యమైతే ఆదరాబాదరాగా లాగే అవకాశం ఉంది.

అయితే అసలు ముప్పు రాసుకున్న క్షణంలో కంటే ఆ తరువాతే ఎక్కువ. క్యాబిన్ గాలిపీడనాన్ని వెనుకవైపు ఆపే గోడ, బోర్లించిన గిన్నెలాంటి ప్రెషర్ బల్క్‌హెడ్, తోకలోనే ఉంటుంది. 1978లో ఒసాకాలో దిగుతూ తోక రాసుకున్న జపాన్ ఎయిర్‌లైన్స్ బోయింగ్ 747కు ఆ గోడ మరమ్మతులో, ఒకటిగా ఉండవలసిన అతుకు పలకను రెండుగా వేశారు. ఫలితంగా పలకలను బిగించే రివెట్లు రెండు వరుసలుగా పంచుకోవలసిన భారం ఒక్క వరుస మీద పడింది. ప్రతి ప్రయాణంలో పీడనం పెరిగి తగ్గుతూ అక్కడి లోహాన్ని అలసింపజేసింది. 1985 ఆగస్టు 12న గోడ పగిలి, నిలువు తోకలో అధికభాగం, హైడ్రాలిక్ వ్యవస్థలు నాలుగూ పోయాయి. 520 మంది మరణించారు. 1980లో హాంకాంగ్‌లో రాసుకున్న చైనా ఎయిర్‌లైన్స్ 747లోనైతే గీతలను తొలగించకుండా పైన పలక బిగించారు. ఆ పలక కింద దాగిన పగుళ్లు 22 ఏళ్లపాటు పెరిగి, 2002 మే 25న విమానం ఆకాశంలోనే విడిపోయింది. అందులోని 225 మందిలో ఒక్కరూ మిగలలేదు.

అందుకే తోక రాసుకున్న విమానాన్ని తనిఖీ లేకుండా మళ్లీ ఎగరనివ్వరు. బయట రంగు మాత్రమే లేచినట్టు కనిపించినా, ఇంజినీర్లు లోపలి పలకలు విప్పి బల్క్‌హెడ్‌ను, చట్రాలను పరీక్షిస్తారు. కంటికి అందని పగుళ్లకు, లోహంలో విద్యుత్ ప్రవాహాలు పుట్టించి లోపాన్ని పట్టే ఎడ్డీ కరెంట్ పరీక్ష చేస్తారు. ఆ విమానం కోసం గేటు దగ్గర కాచుకున్న ప్రయాణికులకు ఈ జాప్యం చిరాకు కలిగించడం సహజమే. కానీ గీత లోతు ఎంతో తేలేవరకు ఇంజినీరు సంతకం చేయకూడదు.