భివండి అల్లర్లు, మన సాంచాల బతుకు

మ్యాపులో చూస్తే భివండి మహారాష్ట్రలోని ఠాణే జిల్లాలో ఒక ఊరు. సిరిసిల్ల, కరీంనగర్, నల్లగొండ వైపు పద్మశాలి ఇళ్లలో మాత్రం అది చుట్టాల ఊరు. ఎంతోమంది తాతలు, మేనమామలు అక్కడ సాంచాలు (మరమగ్గాలు) నడిపి ఇంటికి డబ్బు పంపారు. అక్కడి పద్మనగర్‌లో ఇప్పటికీ తెలుగు వినబడుతుంది. అందుకే ఆ ఊళ్లో 1970లో, మళ్లీ 1984లో రేగిన హిందూ ముస్లిం అల్లర్లు మనకూ సంబంధించినవే.

అక్కడ బట్ట ఏ ఒక్క మతంవాళ్ల చేతిలోనూ పూర్తవదు. నూలు వ్యాపారంలో ఎక్కువగా మార్వాడీ, గుజరాతీ సేట్లు. సాంచాల యజమానుల్లో చాలామంది మోమిన్ ముస్లింలు. నడిపేది ఉత్తరప్రదేశ్, బీహార్, తెలంగాణల నుంచి వలస వచ్చినవాళ్లు. వీళ్లందరినీ కలిపి ఉంచేది అరువు. సేటు నూలు ఇస్తాడు, బట్ట చేతికొచ్చాక మజూరీ (నేత కూలి) లెక్క కడతాడు. కార్మికుడికి నేసిన మీటర్లకే కూలి.

1970 మే 7న శివాజీ జయంతి ఊరేగింపులో మొదలైన గొడవ జల్గావ్, మహాడ్‌ల దాకా పాకింది. జస్టిస్ మాడన్ కమిషన్ విచారణ జరిపింది. రెండోసారి దెబ్బ ఇంకా పాడు సమయంలో తగిలింది. 1982లో బొంబాయి మిల్లుల సమ్మె మొదలయ్యాక అక్కడి పని చాలావరకు భివండి మరమగ్గాలకు మళ్లింది. ఊరు నిలదొక్కుకుంటున్న ఆ రోజుల్లోనే, 1984 మేలో మళ్లీ అల్లర్లు. అవి బొంబాయి, ఠాణేలకు కూడా వ్యాపించి, మొత్తం 250 మందికి పైగా చనిపోయారు.

కర్ఫ్యూ పడితే సాంచా మీద సగం నేసిన బట్ట అలాగే ఉండిపోతుంది. నూలు బాకీ మాత్రం ఆగదు. భార్యాపిల్లలతో ఊరికి రైలెక్కిన కార్మికుడు కర్ఫ్యూ ఎత్తేసిన మర్నాడే తిరిగి రాడు. షెడ్డు తెరిచినా నడిపే చెయ్యి ఉండదు. సేటు మళ్లీ నూలు ఇచ్చేముందు నీది ఏ గల్లీ అని అడగడం మొదలుపెడితే, కాలిపోని సాంచా కూడా ఖాళీగానే ఉంటుంది. నష్టపరిహారం లెక్కల్లోకి ఇది ఎక్కదు. నన్ను ఎక్కువ బాధపెట్టేదీ ఇదే.

భివండి కష్టాలన్నీ అల్లర్ల వల్లే వచ్చాయని అనను. కరెంటు బిల్లులు, నూలు ధరలు, పాతబడిన మగ్గాలు కూడా ఆ పరిశ్రమను కుంగదీశాయి. ఇప్పుడు ఊరి చుట్టూ పెద్ద పెద్ద గోదాములు లేచాయి.

కానీ ఒక మార్పు గురించి చెప్పాలి. 1988లో అక్కడికి పోలీసు డిప్యూటీ కమిషనర్ (డీసీపీ)గా వచ్చిన సురేశ్ ఖోపడే బస్తీబస్తీకీ మొహల్లా కమిటీలు పెట్టించారు. రెండు మతాలవాళ్లనూ, పోలీసులనూ ఒకేచోట కూర్చోబెట్టి, గల్లీలోని చిన్న తగాదాలను గల్లీలోనే తేల్చడం వాటి పని. 1992 డిసెంబరులో, 1993 జనవరిలో మత అల్లర్లతో బొంబాయి తగలబడింది. రెండుసార్లు కాలిన భివండి, అక్కడికి గంటన్నర దూరంలోనే ఉండి కూడా, ఈసారి ప్రశాంతంగా ఉంది.