ప్రాసెసర్ ఎంత కరెంటు తీసుకుంటుంది? డేటాషీట్ చదవడంలో అపోహలు, వాస్తవాలు

బ్యాటరీతో నడిచే పరికరాన్ని రూపొందించేవారు ప్రాసెసర్ విద్యుత్ వినియోగానికి ఒకే అంకె జవాబుగా దొరుకుతుందని ఆశిస్తారు. ఏ వేగం, ఏ ఉష్ణోగ్రత, ఏ మోడ్ అన్నది పక్కన లేని అంకెకు విలువ లేదు.

అపోహ: డేటాషీట్‌లో (తయారీదారు ఇచ్చే సాంకేతిక వివరాల పత్రంలో) కనిపించే అతి పెద్ద కరెంటు విలువే చిప్ వినియోగం.

వాస్తవం: బ్లూ పిల్ అనే చౌక ప్రయోగ బోర్డుల మీద కనిపించే ఎస్‌టీఎం32ఎఫ్103 అనే చిన్న ప్రాసెసర్ డేటాషీట్ తెరిస్తే, అబ్సల్యూట్ మాక్సిమమ్ రేటింగ్స్ (దాటకూడని హద్దులు) పట్టికలో 150 మిల్లీఆంప్‌లు అని ఉంటుంది. సప్లై పిన్నుల గుండా అంతకు మించి ప్రవహిస్తే చిప్ దెబ్బతినవచ్చన్న హెచ్చరిక అది. చిప్ తన పిన్నుల ద్వారా ఎల్‌ఈడీల వంటి వాటికి అందించే కరెంటు కూడా ఆ లెక్కలోకే వస్తుంది. అసలు వినియోగం సప్లై కరెంట్ క్యారెక్టరిస్టిక్స్ అనే విభాగంలో ఉంటుంది. అక్కడ 72 మెగాహెర్ట్జ్ వద్ద, ప్రోగ్రాం ఫ్లాష్ నుంచి నడుస్తూ, పెరిఫెరల్స్ (టైమర్ల వంటి చిప్‌లోని అనుబంధ భాగాలు) అన్నీ ఆన్‌లో ఉన్నప్పుడు టిపికల్ (సాధారణంగా కనిపించే) విలువ 36 మిల్లీఆంప్‌లు, వాటిని ఆపితే 27, పెరిఫెరల్స్ ఆన్‌లో ఉండి పరిసర ఉష్ణోగ్రత 85 డిగ్రీలకు చేరితే గరిష్ఠం 50. బ్యాటరీ ఎన్నాళ్లు వస్తుందో అంచనా వేయడానికి టిపికల్ విలువతో మొదలుపెట్టవచ్చు గానీ, రెగ్యులేటర్‌ను (వోల్టేజీని స్థిరంగా ఉంచే భాగాన్ని) ఎంచుకునేటప్పుడు మాత్రం గరిష్ఠ విలువనే తీసుకోవాలి.

అపోహ: స్లీప్ కరెంటు ఎప్పుడూ ఒకేలా ఉంటుంది.

వాస్తవం: చిప్‌ను నడిపించే క్లాక్ ఆగిపోయాక మిగిలేది ప్రధానంగా లీకేజీ (ఆపి ఉన్న ట్రాన్సిస్టర్ల గుండా కారే కరెంటు), అది వేడితో వేగంగా పెరుగుతుంది. ఇదే ఎస్‌టీఎం32ఎఫ్103 చిప్ స్టాప్ మోడ్ అనే గాఢ నిద్ర స్థితిలో, అంతర్గత రెగ్యులేటర్‌ను లో పవర్‌లో ఉంచితే, 3.3 వోల్టుల వద్ద టిపికల్‌గా 14 మైక్రోఆంప్‌లు తీసుకుంటుంది. 85 డిగ్రీల వద్ద గరిష్ఠం 180. మొదటి పేజీలో ఘనంగా ప్రకటించే అంకెలు సాధారణంగా 25 డిగ్రీల వద్దవి. మే నెలలో రామగుండం ఎండలో మూసిన పెట్టెలో కూర్చునే సెన్సర్‌కు ఆ అంకె చెల్లదని వేరే చెప్పనక్కరలేదు.

అపోహ: చిప్‌కు మైక్రోఆంప్‌లే చాలంటే బోర్డుకూ అంతే చాలు.

వాస్తవం: వైఫై ఉన్న ఈఎస్‌పీ32 చిప్ డీప్ స్లీప్‌లో, ఆర్‌టీసీ (నిద్రలోనూ సమయం లెక్కించే భాగం) టైమర్, ఆర్‌టీసీ మెమరీ మాత్రమే మేల్కొని ఉన్నప్పుడు, సుమారు 10 మైక్రోఆంప్‌లు తీసుకుంటుంది. చాలా చౌక బోర్డుల్లో వాడే ఏఎంఎస్1117 రెగ్యులేటర్ ఏ పనీ లేకుండానే దాదాపు 5 మిల్లీఆంప్‌లు తాగుతుంది, అంటే చిప్ కన్నా 500 రెట్లు. పవర్ ఎల్‌ఈడీ, యూఎస్‌బీ చిప్ వాటా దీనికి అదనం. అత్యధిక వినియోగం విషయంలో కూడా ఇలాంటి తిరకాసే ఉంది. వైఫై ప్రసారానికి డేటాషీట్ 240 మిల్లీఆంప్‌లు చూపినా, సప్లై కనీసం 500 ఇవ్వగలిగి ఉండాలని తయారీదారే సూచిస్తాడు.

అపోహ: టీడీపీ (థర్మల్ డిజైన్ పవర్) అంటే వినియోగం.

వాస్తవం: ఇంటెల్ ఆటమ్ ఈ3845కు టీడీపీ 10 వాట్లు. అది హీట్‌సింక్ (చిప్ వేడిని బయటికి పంపే లోహపు భాగం) రూపకల్పనకు ఇచ్చిన విలువ; క్షణకాలపు వినియోగం దాన్ని దాటవచ్చు, ఖాళీగా ఉన్నప్పుడు చాలా తక్కువే ఉండవచ్చు. అడాప్టర్ రేటింగ్ విషయమూ అంతే: రాస్‌ప్‌బెర్రీ పై 4 అనే చిన్న కంప్యూటర్ బోర్డుకు 3 ఆంప్‌ల సప్లై సిఫార్సు చేసినా, ఏమీ తగిలించని బోర్డుకు టిపికల్ కరెంటు 600 మిల్లీఆంప్‌లే.

అపోహ: లినక్స్ నడిపే పెద్ద ప్రాసెసర్లకూ అన్నీ డేటాషీట్‌లోనే ఉంటాయి.

వాస్తవం: వాటి డేటాషీట్ ప్రధానంగా ఒక్కో సప్లై రైల్‌కు (చిప్‌లోని ఒక్కో భాగానికి విడిగా వెళ్లే విద్యుత్ లైనుకు) గరిష్ఠ కరెంటును ఇస్తుంది, అది పవర్ సర్క్యూట్ రూపకల్పనకే. ఆ గరిష్ఠాలన్నీ కూడితే ఏ ప్రోగ్రామూ చేరుకోని మొత్తం వస్తుంది. వాస్తవ పనుల్లో కొలిచిన విలువలు విడిగా అప్లికేషన్ నోట్ అనే పత్రంలో ఉంటాయి. ఎన్‌ఎక్స్‌పీ సంస్థ తన ఐ.ఎంఎక్స్ ప్రాసెసర్ల శ్రేణికి ఇలాంటివి ప్రచురిస్తుంది. జింక్ వంటి ఎఫ్‌పీజీఏ (వాడేవారే సర్క్యూట్‌ను మలచుకోగల భాగం) కలిసిన చిప్‌లకు అంచనా స్ప్రెడ్‌షీట్ ఉంటుంది, ఎస్‌టీఎం32కు క్యూబ్‌ఎంఎక్స్ అనే తయారీదారు సాఫ్ట్‌వేర్‌లోనే కాలిక్యులేటర్ ఉంది. తయారీదారు ఏదీ బయటపెట్టకపోతే, మూల్యాంకన బోర్డులో ఒక్కో రైల్‌కు షంట్ రెసిస్టర్ (కరెంటు కొలవడానికి వాడే అతి చిన్న నిరోధం) పెట్టి, మన సొంత సాఫ్ట్‌వేర్ నడుపుతూ కొలవడం తప్ప దారి లేదు.