తెల్ల మేజోళ్ల కుందేలు

షెఫీల్డ్‌లో మా వీధి చివర బస్సెక్కితే కాసేపటికే ఇళ్లు అయిపోయి మూర్ మొదలవుతుంది. చెట్టూ చేమా లేని మెరక, కాలు పెడితే దిగబడే నల్లటి పీట్ నేల, దాని నిండా హెదర్ పొదలు. ఆగస్టులో కొండకు కొండే వంగపండు రంగు పూస్తుంది, కార్లు బారులు తీరతాయి. అక్టోబరుకల్లా పూలు తుప్పు రంగుకు తిరుగుతాయి, జనం పలచబడతారు. నేను బైనాక్యులర్స్ మెడలో వేసుకునేది అప్పుడే.

పీక్ డిస్ట్రిక్ట్‌లోని డెర్వెంట్ ఎడ్జ్ గట్టెక్కితే ముందు పలకరించేది రెడ్ గ్రౌస్. మన కౌజుపిట్టల కుటుంబానిదే; వేళ్ల దాకా ఈకలుంటాయి, తిండేమో హెదర్ చిగుళ్లు. పొద కింద నుంచి దభాలున లేచి ‘గో బ్యాక్, గో బ్యాక్’ అని అరుస్తుంది. ఇక్కడివాళ్లకూ ఆ కూత అలాగే వినిపిస్తుంది. సైమన్ కమిషన్‌కి ఆంధ్రకేసరి చెప్పిన మాట ఇంగ్లండులో ఒక పిట్ట నాకు చెబుతోంది!

అది మాత్రం ఎక్కడికీ పోదు. మిగతావన్నీ వలస హడావిడిలో ఉంటాయి. గుండె మీద తెల్లటి నెలవంక ఉన్న రింగ్ ఊజల్ రోవన్ చెట్టు పళ్లతో పొట్ట నింపుకుని మొరాకో అట్లాస్ కొండలకు బయల్దేరుతుంది. దాని దగ్గరి చుట్టాలే రెడ్‌వింగ్ పిట్టలు స్కాండినేవియా నుంచి రాత్రిళ్లు దిగుతాయి. పెరట్లో నిలబడితే చీకట్లో పైనుంచి సన్నగా ‘సీ...ప్’ అని వినబడుతుంది. ఐస్‌లాండ్ నుంచి వచ్చిన పింక్‌ఫుట్ బాతులు లాంకషైర్ నుంచి నార్ఫోక్‌కు పోతూ ఈ గట్టు మీదుగానే బారులు కడతాయి.

చలి ముదరకముందే వీటికి కబురు అందించేది పగటి నిడివి. ‘మార్గశిరాన మాట్లాడ పొద్దుండదు, పుష్యమాసాన పూస గుచ్చ పొద్దుండదు’ అంటాం గానీ, హైదరాబాదులో అతి చిన్న పగలు కూడా 11 గంటలుంటుంది. ఇక్కడ జూన్‌లో 17 గంటలున్న పగలు డిసెంబరుకి ఏడున్నరకు పడిపోతుంది. పూస గుచ్చలేకపోవడమంటే ఇదీ! 1920లలో కెనడాలో విలియం రోవన్ అనే శాస్త్రవేత్త జుంకో పిట్టలను గడ్డకట్టే చలిలో ఆరుబయట పంజరంలో ఉంచి, సాయంత్రాలు బల్బులు వెలిగించి పగటిని పొడిగించాడు. చలి చలిలాగే ఉన్నా, నడిశీతాకాలంలో వాటి బీజకోశాలు వసంతంలోలా పెరిగాయి. పిట్టలు ఈ వెలుతురును కళ్లతో మాత్రమే కొలవవు. పుర్రె లోంచి చొచ్చుకొచ్చే కాంతిని మెదడు లోపలి కణాలే పసిగడతాయి.

ఇదే గడియారం కొండ కుందేలును ఇరకాటంలో పెట్టింది. 19వ శతాబ్దంలో వేట కోసం స్కాట్లాండు నుంచి తెచ్చి ఇక్కడ వదిలారు వీటిని. రాత్రి పెరిగేకొద్దీ దాని ఒంట్లో మెలటోనిన్ అనే హార్మోన్ ఎక్కువసేపు ఊరుతుంది, గోధుమ బొచ్చు రాలి తెల్లది వస్తుంది. మంచులో అది కవచం. మంచు లేకపోతే గద్దకు చీటీ రాసి పిలిచినట్టే. స్కాట్లాండు కొండల్లో 1950–2016 మధ్య మంచు కప్పి ఉండే రోజులు ఏడాదికి సగటున 37 తగ్గినా, కుందేళ్లు బొచ్చు మార్చే వేళలు అందుకు తగ్గట్టు సర్దుకోలేదు. పొద్దు మారలేదు కదా మరి! ఫారో దీవుల్లో కథ వేరు. 1855లో నార్వే నుంచి తెచ్చినవి మొదట్లో చలికాలం తెల్లబడేవి. మంచు అంతగా నిలవని ఆ నేల మీద తెల్లవి తగ్గిపోతూ వచ్చి, ఇప్పుడు చలికాలంలో కూడా ఒక్కటీ తెల్లబడదు.

మొన్న ‘కేక్స్ ఆఫ్ బ్రెడ్’ అనే బండల దగ్గర ఒకటి కనబడింది. నిజంగానే రొట్టెలు పేర్చినట్టుంటాయవి. వాటి చాటున చెవులు వెనక్కి వాల్చి కూర్చుంది. వీపంతా ఇంకా గోధుమే, కాళ్లకు మాత్రం తెల్ల మేజోళ్లు తొడిగినట్టుంది. సన్నటి జల్లు. ఎక్కడో గ్రౌస్ ‘గో బ్యాక్’ అనగానే అది లేచి ఏటవాలు మీదకు పరుగు తీసింది. ఒళ్లంతా హెదర్‌లో కలిసిపోయాక కూడా నాలుగు తెల్లటి పాదాలు చాలా దూరం కనబడుతూనే ఉన్నాయి.