నల్లని ముఖాన్ని కెమెరా పట్టదా? అపోహలు - వాస్తవాలు

అమెరికాలోని అట్లాంటాలో సినిమాలకీ సిరీస్‌లకీ కలర్ గ్రేడింగ్ చేస్తాను, అంటే తీసిన షాట్లలో రంగూ వెలుతురూ సరిదిద్దే పని. హైదరాబాద్‌లో డీఐ అంటారే, ఆ పనే. నా టేబుల్ మీదికి వచ్చేవాటిలో ఎక్కువ నల్లజాతి దర్శకులు తీసినవే. సెలవులకి ఇంటికొస్తే చుట్టాలది ఒకటే మాట: "అయితే వాళ్లని తెల్లగా చేసేది నువ్వేనన్నమాట!" నవ్వేసి ఊరుకుంటాను. కానీ ఆ మాట వెనకున్న అపోహలు నాకు పనిలోనూ ఎదురవుతూనే ఉంటాయి.

అపోహ: కలరిజం అంటే తెల్లవాళ్లు నల్లవాళ్ల మీద చూపించే వివక్ష.

అది జాతివివక్ష. కలరిజం ఇంటి లోపలిది. ఒకే జాతివాళ్లలో లేతఛాయ ఉన్నవాళ్లకి పీట వేయడం. రచయిత్రి ఆలిస్ వాకర్ 1982లో ఈ మాటని వాడుకలోకి తెచ్చింది గానీ, సంగతి బానిసత్వం నాటిది. తెల్ల యజమానులకి పుట్టిన లేతఛాయ పిల్లలకి దక్కిన చిన్నచిన్న వెసులుబాట్లు తరాలు దాటి హోదాగా స్థిరపడ్డాయి.

తెర మీద ఇది ఎలా పనిచేస్తుందో చూడాలంటే 2014కి వెళ్లాలి. ఎన్.డబ్ల్యు.ఎ. అనే ర్యాప్ బృందం కథతో తీస్తున్న సినిమాకి జూనియర్ ఆర్టిస్టులు కావాలంటూ ఒక ప్రకటన వచ్చింది. ఆడవాళ్లని ఏ, బీ, సీ, డీ అని నాలుగు తరగతులు చేశారు. బీ తరగతికి లేతఛాయ ఉండాలి, గాయని బియాన్సే నమూనా. డీ తరగతి అంటే పేదవాళ్లు, చామనఛాయ నుంచి నలుపు దాకా. గొడవయ్యాక ప్రకటన ఇచ్చినవాళ్లు క్షమాపణ చెప్పుకున్నారు. ఆ సినిమా దర్శకుడు నల్లజాతివాడే. మగవేషాల ప్రకటనల్లో ఇన్ని మెట్లు నేనైతే చూడలేదు.

నా సొంత అనుభవం కూడా ఒకటుంది. ఒక ట్రైలర్ పనిలో నిర్మాత నా కుర్చీ వెనక నిలబడి "హీరోయిన్ ఫేస్ ఇంకొంచెం బ్రైట్ చెయ్" అన్నాడు. మూడుసార్లన్నాడు. ఆయన ఆ అమ్మాయి కన్నా నలుపు. నేను కాదనలేదు, చేశాను. ఆ షాట్ ఇప్పుడు చూస్తే మొహంలో దవడ ఎముక లేదు.

అపోహ: కెమెరా యంత్రం, దానికి పక్షపాతం ఉండదు.

యంత్రాన్ని ఎవరో ఒకరు ఏదో ఒక ముఖాన్ని ముందు పెట్టుకుని సరిచేస్తారు. ఫిల్మ్ రోజుల్లో ల్యాబులకి కోడక్ ఒక ఫోటో పంపేది. అందులో ఒక తెల్లజాతి యువతి. ఆవిడ చర్మం సరిగ్గా వస్తే ప్రింటు సరిగ్గా ఉన్నట్టు లెక్క. మొదట్లో ఆ ఫోటోకి కూర్చున్నామె పేరుతోనే వాటిని షెర్లీ కార్డులన్నారు, తరవాత మనుషులు మారినా పేరు మారలేదు. స్కూల్ గ్రూప్ ఫోటోల్లో నల్లపిల్లల మొహాలు చీకటిగా పడి కళ్లూ పళ్లే కనిపించేవి. తల్లులు మొత్తుకున్నా పెద్దగా ఫలితం లేదు. ఫిల్మ్ మెరుగవడానికి గట్టిగా ఒత్తిడి పెట్టింది చాక్లెట్ కంపెనీలూ, చెక్క ఫర్నిచర్ చేసేవాళ్లూ. డార్క్ చాక్లెట్‌కీ మిల్క్ చాక్లెట్‌కీ ఫోటోలో తేడా తెలియడం లేదని వాళ్ల ఫిర్యాదు! వివిధ జాతుల ఆడవాళ్లు కలిసి కూర్చున్న కార్డు వచ్చేసరికి 1990లు వచ్చేశాయి.

అపోహ: నల్లని ముఖానికి లైటు ఎక్కువ కొడితే చాలు.

ఎక్కువ కొడితే వచ్చేది బూడిదరంగు. మా దగ్గర వెక్టర్‌స్కోప్ అని రంగుని కొలిచే గ్రాఫ్ ఉంటుంది. ఎండలో మాడిన మా తాత మొహమూ, స్వీడన్ పిల్ల మొహమూ అందులో దాదాపు ఒకే గీత పక్కన పడతాయి. తేడా వెలుతురులో, రంగు చిక్కదనంలో. ఈ సంగతి మొదటిసారి చూసిన రోజు నేను భోజనానికి కూడా లేవలేదు.

నల్లని చర్మం మీద ఆకారాన్ని చూపించేది మెరుపు. అందుకే పెద్ద తెల్లబోర్డు మీద లైటు కొట్టి, ఆ బోర్డు చర్మంలో ప్రతిఫలించేలా పక్కనుంచి పెడతారు. పౌడర్ అద్దరు, మాయిశ్చరైజర్ రాస్తారు. వెనక తెల్లగోడ లేకుండా చూసుకుంటారు, ఎందుకంటే గోడ కోసం ఎక్స్‌పోజర్, అంటే కెమెరాలోకి వెళ్లే వెలుతురు, తగ్గిస్తే మొహం చీకట్లో మునుగుతుంది. 2016లో వచ్చిన మూన్‌లైట్ సినిమా చూడండి. దర్శకుడు బ్యారీ జెంకిన్స్, ఛాయాగ్రాహకుడు జేమ్స్ లాక్స్టన్ మొహాల మీద నిగారింపుని దాచలేదు. రాత్రి సీన్లలో కూడా చర్మం బతికే ఉంటుంది.

అపోహ: లేతఛాయ ఉన్న నల్లజాతి నటికి దారి పూలబాటే.

ఆ మాట నటి, గాయని లీనా హార్న్‌ని అడగాల్సింది. 1942లో హాలీవుడ్ స్టూడియో ఎం.జి.ఎం.తో ఒప్పందం. తెర మీద మరీ తెల్లగా పడుతోందని ఆమె కోసం 'లైట్ ఈజిప్షియన్' అనే మేకప్ తయారు చేయించారు. అమెరికా దక్షిణాది రాష్ట్రాల థియేటర్లలో ఆమె పాటలు కత్తిరించడానికి వీలుగా కథకి అంటకుండా తీసేవారు. 1951లో షో బోట్ అనే సినిమాలో మిశ్రమజాతి జూలీ పాత్ర ఆమె కోరుకున్నది. అది తెల్లజాతి నటి ఏవా గార్డ్‌నర్‌కి వెళ్లింది. తన కోసం చేసిన మేకప్పే ఆవిడకి వేశారని హార్న్ తరవాత చెప్పుకుంది.

అపోహ: నటిని మార్చారంటే కారణం రంగే.

ఫ్రెష్ ప్రిన్స్ ఆఫ్ బెల్-ఎయిర్ అనే అమెరికా టీవీ సిరీస్‌లో 1993లో అత్త పాత్రధారి జానెట్ హ్యూబర్ట్ వెళ్లిపోయి, ఆమె కన్నా లేతఛాయ ఉన్న డాఫ్ని మ్యాక్స్‌వెల్ రీడ్ వచ్చింది. అందరూ ఎత్తే ఉదాహరణ ఇదే. హ్యూబర్ట్ స్వయంగా చెప్పిన కారణం మాత్రం కాంట్రాక్టు గొడవ. చూసేవాళ్లకి అనుమానం రావడంలో తప్పు లేదు, కానీ వాదనకి ఇది బలహీనమైన సాక్ష్యం.

అపోహ: ఇదంతా అమెరికా గొడవ, మనకేం?

మన పెళ్లి ఆల్బమ్ తెరవండి. మొహం ఒక్కటే బ్రైట్ చేసి ఉంటే గోరింటాకు పెట్టుకున్న చేతులు పట్టిచ్చేస్తాయి. ఫ్రేమ్ మొత్తం చేసి ఉంటే, మెడలో పసుపుతాడు పాలిపోయి ఉంటుంది.